బాల్టిక్ సముద్రంలో ఎస్-13

రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ దగ్గరే చాలామంది ఆగిపోతారు. బాల్టిక్ సముద్రంలో 1945 జనవరి 30 రాత్రి జరిగింది కూడా తప్పక చదవాలి. ఒకే ఓడ మునకలో అత్యధిక ప్రాణనష్టం జరిగిన ఘటన అది.

సోవియట్ జలాంతర్గామి ఎస్-13, 1941లో బాల్టిక్ నౌకాదళంలో చేరింది. 1943 నుంచి దాని కమాండర్ అలెగ్జాండర్ మారినెస్కో, స్వస్థలం ఒడెస్సా. ఆ రాత్రి అది ప్రయోగించిన మూడు టార్పెడోలు జర్మన్ ఓడ విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్‌ను తాకాయి. ఎర్రసైన్యం ముందుకు వస్తుండటంతో తూర్పు ప్రష్యా ప్రాంతం నుంచి జనాన్ని, సైనికులను సముద్రమార్గంలో తరలించిన 'ఆపరేషన్ హన్నిబాల్'లో భాగంగా ఆ ఓడ గోటెన్‌హాఫెన్ (నేటి పోలండ్‌లోని గ్డీనియా) రేవు నుంచి బయలుదేరింది. మృతులు సుమారు 9,000 మంది అని అంచనా. 1912 నాటి టైటానిక్ మృతులు దాదాపు 1,500. ఓడలో నౌకాదళ సిబ్బంది, విమాన విధ్వంసక తుపాకులు ఉన్న మాట నిజమే. కానీ చనిపోయిన వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు సహా శరణార్థులే. ఈ రెండు వాస్తవాలనూ కలిపే గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి 10న ఎస్-13 'స్టోయిబెన్' ఓడనూ ముంచింది. అందులోని వేలమంది క్షతగాత్రులు, శరణార్థులు మరణించారు.

క్రమశిక్షణ లేదన్న ఆరోపణలతో 1945లోనే మారినెస్కోను కమాండర్ పదవి నుంచి తప్పించి, హోదా తగ్గించారు. ఆయన 1963లో మరణించారు. 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు 1990లో, గోర్బచెవ్ కాలంలో, మరణానంతరం దక్కింది.