చిందు భాగవతంలో రాకుమారి కిరీటం

మద్రదేశాధీశుడైన అశ్వపతి పుత్రిక సావిత్రి. ఉత్తర తెలంగాణ పల్లెలలో చిందు భాగవతులు ఆమె కథను ఆడునప్పుడు ఆ రాకుమారి శిరస్సుపై మెరిసే కిరీటంలో వీసమెత్తు బంగారమైనా ఉండదు. అది పొనికి కర్ర. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడేదీ ఇదే.

పొనికి మిక్కిలి తేలిక. చిన్న ఉలికి సైతం లొంగుతుంది. ఆ తేలికదనమే ఇక్కడ ప్రధానం. ఆట రాత్రి పొడవునా సాగుతుంది, చిందు అంటేనే గంతు. లోహపు బరువును మెడ ఎంతసేపు ఓర్చగలదు? బాగా ఎండిన కర్రను చెక్కి, తలకు సరిపడునట్లు కూర్చి, నునుపు చేసి రంగు పూస్తారు. ఆపై అద్దపు బిళ్ళలు, పూసలు, మెరుపు కాగితాలు అతికిస్తారు. దీపకాంతిలో కెంపేదో, గాజుముక్క ఏదో చూపరికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

ఈ కిరీటాలను చేసుకొన్నదీ, ధరించినదీ ఆ కళాకారులే. ఒకనాడు గుడి గడప దాటనివ్వని కులంలో పుట్టి, పురాణపాత్రలను ఊరి నడుమ నిలిపినవారు వారు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ బాల్యంలోనే వేషం కట్టి, స్త్రీ పురుష పాత్రలు రెండింటా పేరుపొంది, 2005లో పరమపదించారు. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యను 2024లో పద్మశ్రీ వరించింది.

స్వామివారికి కిరీటం సమర్పించే దాతలు మనలో ఎందరో ఉన్నారు. ఉత్సవాలకు చిందు బృందాన్ని పిలిచినప్పుడు సంభావనలో ఆహార్యపు ఖర్చును కూడా చేర్చుట న్యాయమని మా మనవి. చెమటకు రంగు వెలసి, ప్రయాణంలో అద్దాలు రాలిన కిరీటాన్ని మరుసటి ఆటకు సరిదిద్దుకొనవలసినది వారే.