పిల్లల షుగర్ నర్సు అవుతానంటే

ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి నీట్ వద్దు, నర్సింగ్ చేస్తానంటే చాలా ఇళ్లలో వచ్చే మొదటి మాట: "ఇంత చదివించింది సూదులు వేయడానికా?" అందులోనూ షుగర్ ఉన్న పిల్లల దగ్గర పనిచేస్తానంటే, పిల్లలకు షుగరేమిటని ఆశ్చర్యపోయేవాళ్లూ ఉన్నారు. కాదనే ముందు ఆ పనేమిటో కాస్త తెలుసుకోండి.

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్ వన్. మిఠాయిలు తిన్నందుకు వచ్చేది కాదది. ఒంట్లోని రోగనిరోధక శక్తే దారి తప్పి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను పాడుచేస్తుంది. 1922లో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది పడేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. ఇప్పుడు చక్కగా చదువుకుంటున్నారు, ఆడుకుంటున్నారు. కాకపోతే రోజూ సూదులు ఇంట్లోనే వేయాలి. డాక్టరు డోసు రాస్తారు. అది బిడ్డ ఒంట్లోకి సరిగ్గా వెళ్లేలా ఇంటివాళ్లకు నేర్పేది నర్సే.

ఒక్క సంగతి చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూతది. 40 సీసాకు నారింజమూత సిరంజి వాడితే, తల్లి 10 గీత దాకా లాగినా బిడ్డకు వెళ్లేది 4 యూనిట్లే. తిరగబడితే ఇంకా ప్రమాదం: అదే గీత దగ్గర 25 వెళ్తాయి. మంచి నర్సు ఇది చెప్పేసి ఊరుకోదు. తల్లి చేతికే సిరంజి ఇస్తుంది, లాగమంటుంది, గీత చదవమంటుంది, తప్పితే మళ్లీ లాగిస్తుంది. షుగర్ 70 కంటే తగ్గి పిల్లాడికి చెమటలు పడితే 3 చెంచాల గ్లూకోజ్ తాగించి, పావుగంటాగి మళ్లీ పరీక్ష చేయాలని నాయనమ్మకూ విడిగా చెబుతుంది.

అందుకే మార్కులకంటే ముందు మీ అమ్మాయి ఓర్పు చూడండి. తమ్ముడికి అదే లెక్క నాలుగోసారి ఎలా చెబుతోంది? కాస్త విసుక్కున్నా ఫరవాలేదు, ఆ వయసులో విసుక్కోనిదెవరు!

పిల్లల షుగర్ నర్సు అనే పేరుతో మన దగ్గర నేరుగా డిగ్రీ లేదు. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, జీఎన్‌ఎం డిప్లొమా అయితే 3. ఆపైన రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, కొన్నాళ్లు పిల్లల వార్డు, తర్వాత డయాబెటిస్ ఎడ్యుకేటర్ కోర్సు. వార్డు దగ్గర తొందరపెట్టకండి. ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ఆయాసపడుతూ వచ్చిన బిడ్డను రాత్రంతా కనిపెట్టుకున్న నర్సు మాటను తల్లిదండ్రులు వింటారు. కాలేజీ విషయంలో మాత్రం ఏజెంటు మాట నమ్మొద్దు. గుర్తింపు ఉందో లేదో, పిల్లల వార్డులో పోస్టింగు ఎక్కడ వేస్తారో మీరే కనుక్కోండి.

మొదట్లో జీతం తక్కువే. చాలా ఆసుపత్రుల్లో ఈ పనికి వేరే పోస్టు ఉండదు, మామూలు డ్యూటీతో పాటే ఇదీ చేయాలి. బ్రిటన్‌లో ఇది ప్రత్యేక ఉద్యోగం, కానీ అక్కడికి వెళ్లాలంటే ఇంగ్లీషు పరీక్ష, వాళ్ల రిజిస్ట్రేషన్ తప్పవు. నైట్ డ్యూటీలు ఎక్కడైనా ఉంటాయి. ఇవేవీ దాచకుండా చెప్పండి. ఫీజు కట్టేముందు ఈ పనిలో ఉన్న నర్సుతో అమ్మాయిని ఓ గంట మాట్లాడనివ్వండి. మీరు మాత్రం పక్కన కూర్చోకండి.