ఫైలుకు కూడా ఇంటిపేరుంది



మనకు ఇంటిపేరు ముందుంటుంది. అసలు పేరు తర్వాత వస్తుంది. కంప్యూటరులో ఇది తిరగబడుతుంది. అక్కడ అసలు పేరు ముందు. తర్వాత ఒక చుక్క. చుక్క తర్వాత ఇంటిపేరు.

కంప్యూటరులో దాచుకున్న కాగితాన్ని ఫైలు అంటారు. ఫొటో కూడా ఫైలే. పాట కూడా ఫైలే. చుక్క తర్వాత వచ్చే మూడు నాలుగు అక్షరాల పేరు ఎక్స్‌టెన్షన్. అది ఏ రకం ఫైలో ఆ అక్షరాలు చెబుతాయి.

జె.పి.జి. - ఫొటో
ఎం.పి.3 - పాట
ఎం.పి.4 - వీడియో
పి.డి.ఎఫ్. - అచ్చు కాగితంలాంటి పేజీలు
డి.ఓ.సి.ఎక్స్. - వర్డ్‌లో రాసిన ఉత్తరం, అర్జీ
ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. - ఎక్సెల్‌లో వేసిన లెక్కల పట్టిక

ఇంటిపేరు మార్చి రాస్తే ఫైలు మారదు. బియ్యం డబ్బా మీద పప్పు అని రాస్తే బియ్యం పప్పు అవుతాయా?

తెలియని ఇంటిపేరు కనిపిస్తే

ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, అన్నీ ఎక్సెల్‌లో రాసి పెట్టారు. ఒకరోజు లెక్కలు రాసే అమ్మాయికి ఇంకో ఫైలు కనిపించింది. దాని పేరు ముందు 'బ్యాకప్ ఆఫ్' అని ఉంది. చివర ఎక్స్.ఎల్.కె. అని ఉంది.

"ఇదేంటి పెద్దమ్మా? మనం పెట్టింది కాదు. చెత్తలా ఉంది. తీసేయనా?"

"ఆగవే తల్లీ! చదవడం రాని రోజుల్లో కూడా కాగితం కనబడితే చింపేశామా? ఎవరికన్నా చూపించి అడిగేవాళ్లం."

పెద్దమ్మ మాట నిజం. అది ఎక్సెల్ తనంతట తాను దాచిన నకలు. బ్యాకప్ దాచమని ముందే చెప్పి ఉంచితే, మనం సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందున్న లెక్కను ఆ పేరుతో దాస్తుంది. అసలు ఫైలు పాడైతే ఇది తెరుచుకోవచ్చు. వర్డ్ దాచే నకలుకు డబ్ల్యు.బి.కె. అని ఉంటుంది. బి.ఎ.కె. అని ఉన్నా అది సాధారణంగా నకలే.

కాబట్టి తెలియని ఫైలును తీసేయకండి. తెలిసినవాళ్లను అడగండి.

తెరవకూడనివీ ఉన్నాయి

ఫోనుకు శుభలేఖ వచ్చింది. చివర చూస్తే ఎ.పి.కె. అని ఉంది. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పి.డి.ఎఫ్.గా వస్తుంది, వీడియోగా వస్తుంది. ఎ.పి.కె. అంటే ఫోనులోకి చేరే యాప్. దొంగ యాప్ అయితే మన మెసేజీలు చదివి బ్యాంకు డబ్బు లాగేస్తుంది. ముట్టుకోకండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. కంప్యూటరులో ఇ.ఎక్స్.ఇ. అని ఉన్నదానితోనూ ఇంతే జాగ్రత్త.

2017 మేలో వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది ఫైళ్లకు తాళం వేసింది. వాటి పేర్ల చివర డబ్ల్యు.ఎన్.సి.ఆర్.వై. అని తగిలించింది. తాళం తీయాలంటే 300 డాలర్లు ఇమ్మంది. అదే కంప్యూటరులో ఉన్న నకళ్లకూ తాళం పడింది. వేరే చోట నకలు దాచుకున్నవాళ్లు మాత్రం తమ ఫైళ్లు తిరిగి తెచ్చుకోగలిగారు.

నకలు ఎక్కడ దాచాలి?

ఏడాదికి సరిపడా ఆవకాయ ఒకే జాడీలో పెడతామా? ఒక జాడీకి బూజు పడితే ఇంకో జాడీ ఉంటుంది. లెక్కలూ అంతే.

1. ఫైలు మూడు చోట్ల ఉండాలి.
2. అందులో రెండు వేరువేరు రకాల వస్తువుల్లో ఉండాలి. ఒకటి కంప్యూటరు, ఒకటి పెన్ డ్రైవ్.
3. ఒక నకలు వేరే ఇంట్లో ఉండాలి. ఒకచోట నిప్పు పడినా, నీళ్లు వచ్చినా ఇంకొకటి మిగులుతుంది.

నకలు తీశాక పెన్ డ్రైవ్‌ను కంప్యూటరు నుంచి తీసేయండి. ఫైలు పేరులో తేదీ వేయండి. అప్పుడప్పుడు నకలు తెరిచి చూడండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

లెక్క పోతే అప్పు ఎవరు తీర్చారో, ఎవరు తీర్చలేదో తెలియదు. గొడవలొస్తాయి. పదేళ్ల నమ్మకం ఒక్క రోజులో పోతుంది. నకలు తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే.

కొత్త మాటలు

ఫైలు, ఎక్స్‌టెన్షన్, బ్యాకప్, పెన్ డ్రైవ్

ఆలోచించి చెప్పండి

1. ఎక్స్.ఎల్.కె. ఫైలును అమ్మాయి తీసేసి ఉంటే ఏం జరిగేది?
2. శుభలేఖ ఎ.పి.కె.గా వస్తే ఏం చేస్తారు?
3. నకలు అదే కంప్యూటరులో ఉంటే ఎందుకు చాలదు?

చేసి చూడండి

మీ సంఘం లెక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో అడిగి తెలుసుకోండి. ఒక్కచోటే ఉంటే, వచ్చే సమావేశం లోపు ఇంకో రెండు నకళ్లు తీయించండి.