దీవుల తోటలు – ధర్మపురి మెట్ట చేలు

ధర్మపురి జిల్లాలో పాతకాలపు రాగి చేను చూచినవారికి ఒక సంగతి తెలియును. రైతు అందులో రాగులొక్కటే వేయడు. కొన్ని సాళ్ళకు ఒక సాలు అనుములు వేయును. ఆవాలో ఆముదమో తోడుగా నుండును. గట్టున చింతచెట్టు నిలుచును. వాన ముందుగా వెనుదీసినచో రాగి దెబ్బతినును గాని, అనుములు చలికాలపు మంచుతో పూచి కాయును. ఇది తెలియక చేసిన కలగాపులగమని చదువుకొన్నవారు చాలకాలము తలచిరి.

ఇట్టి సేద్యమునే పసిఫిక్ మహాసముద్రపు దీవులలో శ్రద్ధగా పరిశీలించినవాడు విలియం క్లార్క్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు. ఈయన న్యూగినీ కొండలలో ఒక చిన్న జనసమూహము నడుమ నివసించి, వారి తోటలను కొలిచి, 1971లో ఒక గ్రంథము ప్రకటించెను. పిమ్మట ఫిజీ దీవులలోని సువా నగరమున, దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయములో పనిచేసి, అక్కడి రాండాల్ఫ్ థామన్‌తో కలసి 1993లో దీవుల వృక్షసేద్యమును గురించి మరియొక గ్రంథము వెలువరించెను.

దీవివాసి అడవిలో కొంత నేల చదును చేయును గాని పెద్ద చెట్లనన్నిటిని కూల్చడు. చేమ, పెండలము, అరటి, చెరకు ఒకేచోట నాటును. అంచులలో కొబ్బరి, సీమపనస పెంచును. ఒకటి రెండు పంటలైన పిమ్మట ఆ నేలను కొన్నేండ్లు చెట్లకు విడిచిపెట్టును. రాలిన ఆకే ఎరువు, వేరే కట్ట. బీడుగా కనబడు నేల నిజమునకు విశ్రమించుచున్నది. జైన గృహములలో కందమూలములు వండరు గనుక చేమ, పెండలముల మాట వినుటకు కొంత వింతగా తోచవచ్చును. దీవులవారికి మాత్రము అవే అన్నము.

ఈ పద్ధతి విడిచిన చోట ఏమాయెనో సమోవా దీవుల కథ చెప్పును. అక్కడి చేమదుంపకు విదేశములలో గిరాకీ పెరిగెను. కొనువారు ఒకే రకము కోరిరి గనుక రైతులు చాలవరకు ఆ రకమే నాటిరి. 1993లో ఆకుమాడు తెగులు వచ్చెను. ఏడాది తిరుగులోపల ఎగుమతి దాదాపుగా నిలిచిపోయెను. ఆ బేరము ఫిజీకి పోయెను. అరటి, సీమపనస ఉండుటచే ఇండ్లలో పొయ్యి మాత్రము ఆరలేదు. తెగులుకు తట్టుకొను రకములను పలావు మొదలైన దీవుల చేమలతో సంకరపరచి సాధించుటకు ఏండ్లు పట్టెను.

ధర్మపురి వర్తకులకు ఇది దూరపు కథ కాదు. సేలము సగ్గుబియ్యపు మిల్లుల గిరాకీని నమ్మి ఈ జిల్లాలోను కర్రపెండలము విరివిగా వేసిరి. 2020లో కేరళములో కనబడిన క్రొత్త పిండినల్లి త్వరలోనే తమిళనాడు కర్రపెండలపు చేలకు ప్రాకెను. దానిని అణచుటకు ఆఫ్రికాలోని బెనిన్ దేశమునుండి ఒక చిన్న కందిరీగ జాతిని తెప్పించి, 2022లో సేలము జిల్లా యేత్తాపూరు పరిశోధన కేంద్రమున విడువవలసి వచ్చెను.

ఫిజీలో మరియొక పాఠము గలదు, అది తెలుగువారికి సంబంధించినది. 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా భారతీయులు గిర్మిటు మీద అక్కడికి పోయిరి. 1903 నుండి మదరాసు రేవున ఓడ యెక్కినవారిలో తెలుగువారనేకులు. గడువు తీరిన పిమ్మట చాలమంది కౌలు నేలలో చెరకు వేసిరి. 1976 చట్టముచే కౌలు ముప్పది ఏండ్లకు కుదిరినను, 1997 నుండి పాత కౌళ్ళు తీరిపోవ నారంభించెను. అనేకులు ఇల్లు వాకిలి విడిచిరి. రేపు తనది కాని నేలలో పదునైదేండ్లకు కాచు చెట్టు నెవడు నాటును? సేద్యభూములనుండి చెట్లు మాయమగుటను గురించి థామన్ పలుమారులు హెచ్చరించెను. ఇందులో రైతు మూర్ఖత కంటె కౌలు పత్రము, చెరకు ధర చేసిన పని యెక్కువ.

కొనువాని కోరికే చేనిని మార్చును. మండీలో శుభ్రమైన ఒకే సరుకు బండెడు వచ్చినచో బేరము సులభము. పది రకములు రెండేసి మూటలు వచ్చినచో తూనికకు, చెరుగుటకు, గోదాములో చోటుకు అన్నిటికి శ్రమే. ఆ శ్రమ ధరలో తగ్గగానే రైతు మరుసటి ఏడు నడుమ సాలు మానివేయును. 2023లో తమిళనాడు ప్రభుత్వము ధర్మపురి, నీలగిరి జిల్లాల చౌక దుకాణములలో రెండు కిలోల బియ్యమునకు బదులు రాగులిచ్చుట ఆరంభించెను. రాగికి అట్లు ఒక అండ దొరికినది. ప్రక్క సాలులోని అనుములకు అట్టి అండ లేదు. ఆ రెండు మూటలను చెరిగి, వేరుపరచి, తగిన ధర కట్టి కొనవలసినది ఊరి ధాన్యపు అంగడివారే.