బిడ్డ చేతికి పని ఇవ్వండి

మీరు గోంగూర తుంచుతూ కూర్చున్నారు. పక్కనున్న రెండేళ్ళ బిడ్డ చెయ్యి చాపి ఒక రెమ్మ లాగింది. "ఒద్దమ్మా, పాడుచేస్తావ్" అని చేట పక్కకు జరిపారు. బిడ్డ ఏడుపు లంకించుకుంది. ఊరుకోబెట్టడానికి సెల్‌ఫోను చేతిలో పెట్టారు. ఇది ఇంటింటా జరిగేదే. కాని అప్పుడు బిడ్డ ఒక పాఠం పోగొట్టుకుంది.

ఏమిటా పాఠం?

అన్నం కలుపుకొని తినడం, గుండీ పెట్టుకోవడం, రేపు బడిలో రాయడం - ఇవన్నీ వేళ్ళ పనులు. చేతిలోని చిన్న కండరాలు, కన్ను, మెదడు కలిసి పనిచేస్తేనే వస్తాయి. చేయగా చేయగా వస్తాయి గాని, చూస్తూ కూర్చుంటే రావు. ఫోను మీద వేలు జరపడానికి బలం అక్కరలేదు. ఆకు తుంచడానికి రెండు చేతులూ కావాలి. ఏడాది బిడ్డకు ఫోను, టీ.వీ. చూపవద్దనీ, రెండేళ్ళ బిడ్డకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇందుకు బజారు బొమ్మలు కొననక్కరలేదు. ఇంట్లో ఉన్నవే చాలు. రోజుకు పది, పదిహేను నిమిషాలు మీరు పక్కన కూర్చుంటే చాలు.

1 నుంచి 1½ ఏళ్ళు

చిన్నవీ పెద్దవీ స్టీలు గిన్నెలు ఇవ్వండి. ఒకదానిలో ఒకటి పెట్టి తీస్తుంది. గ్లాసులు బోర్లించి ఒకదానిపై ఒకటి పేర్చి చూపండి. మెత్తని అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి కంచంలో పెట్టండి, తానే తీసుకొని తింటుంది. ఒలికితే ఒలకనివ్వండి.

1½ నుంచి 2 ఏళ్ళు

రొట్టెలు చేసేటప్పుడు నిమ్మకాయంత పిండి ముద్ద ఇవ్వండి. పిసుకుతుంది, గిల్లుతుంది, పాములా సాగదీస్తుంది. వేలు నీళ్ళలో ముంచి అరుగు మీద గీతలు గీయించండి. ఎండకు ఆరిపోతే మళ్ళీ గీస్తుంది. పప్పుగుత్తిని కాడ పైకి వచ్చేలా నిలబెట్టి పట్టుకోండి, బిడ్డ చేత దానికి ప్లాస్టిక్ గాజులు తొడిగించండి. మట్టి గాజులు వద్దు.

2 నుంచి 3 ఏళ్ళు

ఇప్పుడు గోంగూర, తోటకూర తుంచనివ్వండి. నాలుగాకులు నలిగితే నష్టం లేదు. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయించండి, చిన్న గుడ్డ తడిపి పిండించండి. పొలం నుంచి వచ్చిన తండ్రి తన చొక్కా గుండీలు బిడ్డ చేత విప్పించుకోవచ్చు. ఇది తల్లి ఒక్కదాని పని కాదు సుమా!

ఎడమ చేత్తో చేస్తే కొట్టకండి, చెయ్యి మార్చకండి. అది తప్పూ కాదు, జబ్బూ కాదు.

జాగ్రత్తలు

ఈ వయసు బిడ్డ ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. వేరుశెనగ గింజలు, శనగలు, చింతపిక్కలు, ఊడిన గుండీలు, గడియారంలో వేసే బిళ్ళ బ్యాటరీలు అందనివ్వకండి. బిళ్ళ బ్యాటరీ మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గలేకపోతే, గుడ్డిగా వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డను ముందుకు వంచి, రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. మరొకరు 108కి ఫోను చేయాలి. నీళ్ళ బకెట్ దగ్గర బిడ్డను క్షణం కూడా ఒంటరిగా వదలకండి. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగండి.

ఎప్పుడు చూపించాలి?

పిల్లలందరూ ఒకే రోజున నేర్చుకోరు. పక్కింటి బిడ్డతో పోల్చి బెంగపడవద్దు. కాని ఏడాది దాటినా బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువు తీయలేకపోతే, ఏడాదిన్నర లోపలే ఒక చెయ్యి మాత్రమే వాడుతూ రెండోది బిగించి ఉంచుతుంటే, వచ్చిన పనులు మరచిపోతుంటే ఆలస్యం చేయకండి. ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఎంత త్వరగా చూపిస్తే అంత మేలు.

రేపు మళ్ళీ గోంగూర ముందు కూర్చున్నప్పుడు చేట పక్కకు జరపకండి. ఒక రెమ్మ బిడ్డ చేతికివ్వండి. కూర కాస్త ఆలస్యమైతేనేం, బిడ్డకు పని వస్తుంది.