మందుల చీటీ

చాలా ఇళ్లలో బీరువా సొరుగులోనో, దేవుడి పటం వెనుకనో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. ఏ రెండు మూడేళ్ల కిందటో వైద్యుడు రాసి ఇచ్చిన మందుల చీటీ అది. మాత్రలు అయిపోయిన సాయంత్రం తాతగారు మనుమణ్ణి పిలిచి, "ఒరేయ్ నాన్నా, ఈ బీపీ బిళ్లలు ఒక షీటు పట్టుకురా" అంటారు. పిల్లవాడు ఖాళీ షీటు చూపుతాడు. దుకాణదారు అటువంటిదే మరొకటి చేతిలో పెడతాడు. చీటీ మాత్రం సొరుగు దాటి బయటికి రాదు.

సామాన్య జ్వరానికి మందు కొద్ది రోజుల ముచ్చట. రక్తపోటు, మధుమేహం, థైరాయిడు లోపం, మూర్ఛ వంటివి అలా కావు. వాటికి ఏళ్ల తరబడి, తరచు జీవితాంతం ఔషధసేవ తప్పదు. అందులోనూ రక్తపోటు మౌనవ్యాధి. నొప్పి ఉండదు, బాధ తెలియదు. కనుక రోగి తనకు నయమైందని భ్రమించి మందు మానుతాడు. మూర్ఛరోగి హఠాత్తుగా మాత్ర మానితే ఫిట్సు తిరగబెట్టవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు అటెనొలాల్ వంటి మందును ఒక్కసారిగా ఆపితే గుండెనొప్పి తీవ్రం కావచ్చు.

మానడం ఒక ప్రమాదమైతే, విచారించకుండా కొనసాగించడం మరొకటి. కాగితం మారదు గాని దేహం మారుతుంది. మూత్రపిండాల శక్తి సన్నగిల్లినప్పుడు మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆపవలసి వస్తుంది. గర్భం దాల్చిన స్త్రీకి థైరాయిడు మాత్ర మోతాదు సాధారణంగా పెంచవలసి ఉంటుంది. ఈ సంగతులు పాత చీటీకి తెలియవు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో స్మృతిని, చెప్పినట్లు నడుచుకోవడాన్ని, తన బాధను ఉన్నదున్నట్లు తెలుపగలగడాన్ని ఆయన లెక్కించాడు. మొదటి రెండూ ఉన్నవారు మనలో కొందరైనా కనిపిస్తారు. మూడవదే అరుదు. కాళ్లు వాస్తున్నాయనో, తల తిరుగుతోందనో దుకాణదారుతో చెప్పుకొనేవారు వైద్యునితో చెప్పరు!

మన చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1945 నాటి ఔషధ నిబంధనలలో 65వది దీనిని వివరిస్తుంది. షెడ్యూల్ హెచ్ వంటి జాబితాలలోని మందులను వైద్యుని చీటీపైననే అమ్మాలి. మళ్లీ ఇవ్వవచ్చునని వైద్యుడు రాయనిదే ఆ చీటీపై రెండవసారి మందు ఇవ్వరాదు. ఇన్నిసార్లు, ఇన్నాళ్లకొకసారి అని రాస్తే ఆ మేరకే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు విక్రేత తన పేరు, చిరునామా, తేదీ చీటీపై నమోదు చేయాలి. ఎంత చక్కని ఏర్పాటు! ఆచరణలో ఆ గుర్తులున్న చీటీలు ఎన్ని కనిపిస్తాయి?

1948లో జాతీయ ఆరోగ్య సేవ నెలకొన్న బ్రిటన్‌లో ఇదే పని మరొక విధంగా సాగుతుంది. అక్కడ రోగి తన పేరు నమోదైన వైద్యశాలకు, మందు నిండుకోక ముందే, కావలసిన వాటిని తెలుపుతాడు. వైద్యశాల అంగీకరించిన తరువాతనే చీటీ మందుల దుకాణానికి చేరుతుంది. ఇంగ్లండులో ఇప్పుడది సాధారణంగా కంప్యూటరు ద్వారానే వెళుతుంది. మందులను సమీక్షించవలసిన సమయం వస్తే వైద్యశాల రోగిని పిలిపిస్తుంది. అక్కడ వైద్యశాల చేసే ఈ జ్ఞాపకం చేసే పని, ఇక్కడ చాలావరకు ఇంటివారి పాలబడింది.

ఆ పని కష్టమైనది కాదు. చీటీలో మందు అసలు పేరు చదవాలి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇల్లు చేరితే ముసలివారు రెండూ మింగే ప్రమాదముంది. రంగు, ఆకారం మారిన మాత్ర వస్తే దుకాణంలోనే అడగాలి. వారం రోజులకు సరిపడ మాత్రలు మిగిలి ఉండగానే కొనాలి, ఎందుకంటే పండుగలు, ప్రయాణాలు రోగం కోసం ఆగవు. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు నాటువైద్యుని పొడులతో సహా ఇంట్లో వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకొని పోవాలి. మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ పరీక్షలు చేయించాలో చీటీపైననే రాయించుకోవాలి. తాతగారి కళ్లకు ఆ అక్షరాలు ఆనకపోతే, చదివి చెప్పవలసినవాడు షీటు పట్టుకొని దుకాణానికి పరుగెత్తే ఆ మనుమడే.

ప్రశ్నలు

1. 'కాగితం మారదు గాని దేహం మారుతుంది' అనే మాటను పాఠం ఆధారంగా వివరించండి.
2. మీ ఇంట్లోని ఒక మందుల చీటీని చదివి, దానిపై ఉన్న తేదీని, లేని వివరాలను గుర్తించి రాయండి.