పోచంపల్లి చెప్పే పాఠం: వ్యాపారంలో చట్టం, ధర్మం

ధర్మార్థకామమోక్షాలు నాలుగింటిలో అర్థానికి రెండవ స్థానం. దానికి ముందు నిలిచినది ధర్మం. సంపాదించడం దోషమని మన పెద్దలు చెప్పలేదు. ధర్మాన్ని దాటి సంపాదించడమే దోషమన్నారు. క్షేత్రదర్శనానికి వచ్చే భక్తులలో రైతులు, నేతకారులు, దుకాణదారులు, గుత్తేదారులు, ఉద్యోగులు అందరూ ఉంటారు. హుండీలో పడే ప్రతి రూపాయి ఎక్కడో ఒక క్రయవిక్రయం నుండి, ఒక కూలి నుండి, ఒక ఒప్పందం నుండి వచ్చినదే. కనుక వ్యాపారధర్మం భక్తునికి పరాయి విషయం కాదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం ఆధారంగా దాని తొలి సూత్రాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

మాట ఎప్పుడు ఒప్పందమవుతుంది?

మన దేశంలో వ్యాపార న్యాయానికి పునాది 1872 నాటి భారత ఒప్పంద చట్టం. ఒకరు ప్రతిపాదించగా మరొకరు అంగీకరిస్తే మాట కుదురుతుంది. ఆ మాట చట్టం ముందు నిలబడాలంటే ఇరువురూ అర్హులై ఉండాలి, అనగా పదునెనిమిదేండ్లు నిండి, మతిస్థిమితం కలిగి ఉండాలి. ఇరువురి సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి. ఇచ్చిపుచ్చుకొనే ప్రతిఫలం, ఒప్పందపు ఉద్దేశం రెండూ న్యాయబద్ధం కావాలి. కొన్ని ప్రత్యేక సందర్భాలలో తప్ప కాగితం తప్పనిసరి కాదు. నూలు ఇచ్చే ఆసామికీ మగ్గం మీద కూర్చునే నేతకారునికీ నడుమ నోటిమాటగా కుదిరిన కూలి కూడా ఒప్పందమే. అయితే వివాదం వచ్చిననాడు నోటిమాటను రుజువు చేయడం కష్టం. అందుచేత చిన్నదైనా ఒక చీటీ రాసుకొనడం ఉభయులకూ క్షేమం.

బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు వివరణ, పొరపాటు అనే ఐదూ సమ్మతిని చెడగొట్టేవని చట్టం చెబుతుంది. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ధర చాలా తక్కువ అన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. కాని ఆ సమ్మతి నిజంగా స్వేచ్ఛగా ఇచ్చినదేనా అని పరిశీలించేటప్పుడు న్యాయస్థానం ఆ తక్కువ ధరను లెక్కలోకి తీసుకోవచ్చు. ఇంట్లో పెండ్లి పెట్టుకొని డబ్బు కోసం తిరుగుతున్న నేతకారుని అవసరం కనిపెట్టి, ఒకడు అతని చీరలను సగం వెలకు కొన్నాడనుకొనండి. చట్టం అతనిని పట్టుకొనవచ్చు, పట్టుకొనలేకపోవచ్చు. అతని అంతరాత్మకు మాత్రం తాను చేసినదేమిటో తెలుసు. చట్టానికీ నీతికీ గల భేదం ఇక్కడే మొదలవుతుంది.

పేరు కూడా ఆస్తే

పోచంపల్లి నేతలో విశేషమంతా మగ్గమెక్కక ముందే జరుగుతుంది. అనుకొన్న నమూనా ప్రకారం నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. ఆరిన తరువాత విప్పి, మరొక చోట కట్టి, మరొక రంగులో ముంచుతారు. ఇన్ని దశలు దాటిన నూలు పడుగుగా, పేకగా కలిసినప్పుడు చీరపై రూపం తేలుతుంది. ఇంటిల్లిపాది చేతులు పడితే తప్ప ఒక చీర పూర్తి కాదు. నేతకు ముందు నూలును ఆసు పోయడం ఎక్కువగా స్త్రీలకే వచ్చేది. వేలసార్లు చేయి ఆడించే ఆ శ్రమలో తల్లి పడిన బాధ చూచి ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇంత శ్రమకు ప్రతిరూపమైన పేరును, యంత్రం మీద రంగు అద్దిన గుడ్డకు తగిలించి అమ్మితే ఏమవుతుంది? కొన్నవాడు మోసపోతాడు. నేసినవాని కూలి పడిపోతుంది. ఈ అన్యాయాన్ని అడ్డుకొనడానికే 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టం చేశారు. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టం కింద దేశంలో మొదటి వరుసలో నమోదైన వస్త్రాలలో పోచంపల్లి ఇకత్ ఒకటి. పాలమూరు వైపు గద్వాల చీరలు, నారాయణపేట చీరలు కూడా ఆ గుర్తింపు పొందాయి.

ఈ హక్కు ఏ ఒక్క వ్యాపారిదీ కాదు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసే ఉత్పత్తిదారులందరిదీ. దానిని అమ్ముకొనడం కాని, తాకట్టు పెట్టడం కాని కుదరదు. నమోదు పదేండ్లు ఉంటుంది; ఆ తరువాత పునరుద్ధరించుకొనవలె. ఆ పేరును అక్రమంగా వాడినవారికి మూడేండ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడే వీలుంది. అంతేకాదు, చెప్పిన వర్ణనకు సరిపోని సరుకును తిరస్కరించే హక్కు కొనుగోలుదారునికి 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే ఇచ్చింది. చేనేత అని చెప్పి మరమగ్గపు గుడ్డ ఇస్తే అది కేవలం చిన్న అబద్ధం కాదు. వర్ణనను మీరిన విక్రయం.

పూర్వుల న్యాయం

ఈ భావాలు మనకు కొత్తవి కావు. దొంగ తూకాలకు, దొంగ కొలతలకు కౌటిల్యుని అర్థశాస్త్రం దండన విధించింది. దేశీయ సరుకుపై నూటికి ఐదు, విదేశీ సరుకుపై నూటికి పది లాభం అనే హద్దును కూడా పెట్టింది. ఓరుగల్లు రాజధానిగా తెలుగునేలను ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఆ ఆచారాన్ని ఆయన మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకొనమని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. ఇతరుల ఆపదను లాభంగా మార్చుకొనరాదన్నదే ఆ శాసనపు సారం. పెండ్లి ఖర్చుకు చీరలమ్ముకొనే నేతకారుని విషయంలోనూ వర్తించే నీతి ఇదే.

చట్టం ఆగిన చోట

1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే పోచంపల్లికి కాలినడకన వచ్చారు. భూమిలేని దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి. గ్రామంలో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది.

దీనిని చట్టం కొలతతో చూడండి. ప్రతిఫలం లేని వట్టి వాగ్దానాన్ని ఒప్పంద చట్టం సాధారణంగా అమలు చేయించదు. స్థిరాస్తిని దానమివ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో నమోదైన పత్రం కావాలని ఆస్తి బదిలీ చట్టం అంటుంది. సభలో పలికిన ఆ మాటకు ఆనాటికి పత్రబలం లేదు, ఉన్నది ధర్మబలమే. భూదాన, గ్రామదాన చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1965లో వచ్చింది. అయితే మరొక వైపూ చూడాలి. పత్రాలు సరిగా లేనిచోట్ల భూదాన భూములు వివాదాల పాలైన సంగతి మనకు తెలుసు. మాటకు ప్రాణం ధర్మమైతే, దానికి రక్షణ చట్టం. రెండింటిలో ఏది లోపించినా నష్టపోయేది బలహీనుడే.

సంపద కలవాడు దానికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ బోధించారు. ఆలయపాలకునికి మనం వాడే మాట కూడా ధర్మకర్తయే. దేవుని సొమ్ముకు ఎంత జాగ్రత్తగా లెక్క చెబుతామో, పనివాని కూలికి, కొనుగోలుదారుని నమ్మకానికి అంతే జాగ్రత్తగా లెక్క చెప్పడమే వ్యాపారనీతి.

ఆచరణలో

యాత్రలో చీర కొనే భక్తులు రసీదు అడిగి తీసుకొనవలె. చేనేత గుర్తు, భౌగోళిక గుర్తింపు చీటీ ఉన్నాయేమో చూడవలె. గుడ్డను తిరగవేసి చూడండి: ఇకత్‌లో రంగు నూలులోనే ఉంటుంది కనుక రెండువైపులా రూపం ఒకే తీరుగా కనిపిస్తుంది, అద్దకపు గుడ్డకు సాధారణంగా వెనుకవైపు రంగు పలచబడుతుంది. మోసపోయినట్లు తెలిస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదును సాధారణంగా రెండేండ్లలోగా దాఖలు చేయాలి. నిజమైన నేతచీరను మాత్రం అద్దకపు గుడ్డ ధరకు అడుగకండి. న్యాయమైన వెల చెల్లించడం కొనేవాని ధర్మం.

వర్తకులైన దాతలకు ఒక విన్నపం. కానుకతో తూకంలోని లోటు పూడదు. అన్నదానానికి లక్ష ఇచ్చిన చేయి, నేతకారునికి రావలసిన పదివేలు ఆపితే, ఆ లక్షలో పదివేలు అతనివే. ముందు బాకీ తీర్చి, ఆపై కానుక సమర్పించండి. అప్పుడే అది మీ కానుక అవుతుంది.

మననానికి మూడు ప్రశ్నలు

1. నేను కుదుర్చుకొన్న ఒప్పందాలలో ఎదుటివాని సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా, లేక అతని అవసరం ఇప్పించినదా?

2. నేను అమ్మే సరుకుకు చెబుతున్న పేరు, ఊరు, నాణ్యం నిజమేనా?

3. సాక్షి లేడని, పత్రం లేదని నేను దాటవేసిన మాట ఏదైనా ఉన్నదా?

దైవసన్నిధిలో నిలిచి ఈ మూడింటికీ తలవంచకుండా జవాబు చెప్పగలిగిన వర్తకుని అంగడి కూడా పుణ్యస్థలమే.

శుభం భూయాత్.